జ్వరానికో క్యాలెండర్

ఫ్యామిలీ డాక్టర్ ఊళ్లోకే వస్తారు. పైసా అక్కర్లేదు. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఈ పథకం మొదలైనప్పుడు చెప్పిన లెక్క: 104 బండితో సహా నెలకు రెండుసార్లు.

మధ్య రోజుల్లో విలేజ్ క్లినిక్‌లో సిస్టరమ్మ బిళ్లలిస్తుంది. డాక్టరే కావాలంటే మాత్రం జబ్బులే కాస్త బాధ్యతగా నడుచుకోవాలి.

డాక్టరమ్మ మంగళవారం వస్తుందనుకోండి, జ్వరం సోమవారం రాత్రే తగలాలి. బుధవారం తగిలితే అది క్రమశిక్షణ లేని జ్వరం. విరేచనాలు రెండు వారాలు ఓపిక పట్టాలి. తేళ్లకు ఎవరైనా షెడ్యూలు చదివి వినిపించాలి.

బీపీ, షుగర్లతో మాత్రం పేచీ లేదు. పర్మినెంట్ ఉద్యోగులు. ఎప్పుడొచ్చి చూసినా సీట్లోనే ఉంటాయి. వాటి వరకు పథకం బ్రహ్మాండం, ఒప్పుకోవాల్సిందే.

ఊళ్లో ఇంకో డాక్టరున్నాడు. డిగ్రీ అడక్కూడదు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే బండేసుకొస్తాడు, సూది పొడుస్తాడు, డబ్బులు పంటొచ్చాక తీసుకుంటాడు. నాయనమ్మ మోకాళ్ల నుంచి మనవడి గజ్జి దాకా అన్నీ కంఠతా. అంటే డాక్టర్ సర్కారుది, ఫ్యామిలీ ఆయనది.

పోనీ, ఆరోగ్యశ్రీ? 2007లోనే మొదలైంది. కార్డుంటే గుండె ఆపరేషన్ ఉచితం. దగ్గుకే ఖర్చు.

అందుకే మా వీధి పెద్దాయన దగ్గుకు మందు మానేశాడు. జాగ్రత్తగా పెంచుతున్నాడు. ఆరోగ్యశ్రీ జాబితాలోకి ఎక్కే సైజుకు వచ్చాక చూపించుకుంటాడట.