ప్రాగ్ సందేశం: సటీకా తాత్పర్యం

అవతారిక

మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ప్రస్తుత వ్యాఖ్యాతకు ఆ ప్రతిజ్ఞ కుదరదు. చేపట్టిన మూలంలో ఉన్నది బహు స్వల్పం, లేనిదే గ్రంథం. కనుక లేనిదాన్ని ముఖ్యంగానూ, అక్కరలేనిదాన్ని వీలు దొరికినప్పుడల్లానూ వివరించడమైనది.

గ్రంథకర్త ఖమ్మం వాస్తవ్యుడు, జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణంలో ఎమ్మెస్ విద్యార్థి. పూర్వకవులకు రాజాశ్రయం ఉన్నట్టు ఇతనికి బ్లాక్డ్ అకౌంటు ఆశ్రయం. ఏడాదికి 11,904 యూరోలు ముందే కట్టించుకుని, నెలకు 992 చొప్పున మన సొమ్మే మనకు కానుకగా ఇచ్చే ప్రభువది. గ్రంథానికి అధికారి తల్లి. విషయం వారాంతపు యాత్ర. సంబంధం వాట్సాప్. ప్రయోజనం తల్లి వెంటనే వీడియో కాల్ చేయకుండా ఉండటం.

మూలం

“అమ్మా, ప్రాగ్ వెళ్ళొచ్చాం. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేశాం. చాలా బాగుంది. పెద్ద ఖర్చేం కాలేదు. తిన్నాను. ఫొటోలు పెడతా.”

పాఠ విచారం

ఈ సందేశానికి సరిగ్గా పైన “ఈ సందేశం తొలగించబడింది” అన్న పంక్తి కనబడుతోంది. తాళపత్రాన్ని చెదలు తింటే కాలదోషమని సరిపెట్టుకుంటాం. ఇక్కడ కర్తే స్వహస్తంతో గ్రంథభాగాన్ని మాయం చేశాడు. స్నేహితుల గ్రూపుకు పోవలసిన ఫొటో ఒకటి దారి తప్పి కుటుంబ గ్రూపుకు వచ్చిందనీ, అందులో ఒక గాజుగ్లాసు ఉండెననీ కొందరి ఊహ. పిల్స్‌నర్ బీరు 1842లో పుట్టింది ఆ దేశంలోని ప్ల్జెన్ పట్టణంలోనే గనుక, అక్కడ గ్లాసు పడకుండా ఫొటో తీయడం కష్టమని వారు కర్త పక్షాన వాదిస్తారు. ఆ కొద్ది క్షణాల్లో మూలపాఠాన్ని చూసినవాడు కర్త తమ్ముడొక్కడే. అతను ధర చెప్పి మరీ మౌనం పాటిస్తున్నాడు.

వ్యాఖ్య

అమ్మా: సంబోధన. శంక: అదే గ్రూపులో తండ్రి కూడా ఉండగా ఆయన్ను ఎందుకు పిలవలేదు? సమాధానం: ముందు ఖర్చు ప్రస్తావన రానున్నది. విద్యారుణానికి హామీ సంతకం పెట్టినవారిని ఆ వాక్యానికి శ్రోతగా పెట్టుకోవడం ఔచిత్య భంగం. తండ్రి ఈ కావ్యానికి మౌనపాఠకుడు. రెండు నీలి టిక్కులే ఆయన అభిప్రాయం.

ప్రాగ్: చెక్ దేశపు రాజధాని. అక్కడివారు ప్రాహా అంటారు. సంస్కృతంలో ప్రాక్ అంటే తూర్పు గనుకనూ, శనివారం తూర్పు దిక్కుకు వారశూల గనుకనూ, కర్త అమ్మమ్మ గట్టి ఆక్షేపణ తెలియజేశారు. ఆక్షేపణ నిలవదు. డ్రెస్డెన్‌కు ప్రాగ్ ప్రధానంగా దక్షిణం, కాస్త తూర్పు వాలు. దక్షిణానికి శూల గురువారం. కనుక యాత్ర శాస్త్రసమ్మతమే.

వెళ్ళొచ్చాం: రోడ్డు మీద నూటయాభై కిలోమీటర్ల దూరం. ఖమ్మం నుంచి హైదరాబాదు ఇంతకంటే దూరం, అయినా హైదరాబాదు వెళ్ళొచ్చినవాడెవడూ ఫొటోలు పెడతాననడు. రైలు ఎల్బె నది ఒడ్డునే సాగి, కొండల మధ్య ఎక్కడో దేశం మారుతుంది. మారిన సంగతి మొదట తెలిసేది ఫోనుకు: చెక్ దేశానికి స్వాగతమంటూ ఎస్సెమ్మెస్ వస్తుంది. 2007 డిసెంబరు 21 నుంచి చెక్ దేశం, తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ దేశాల్లో ఉంది. జర్మనీ నివాస కార్డు ఉన్నవాడు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా అలాంటి ఇతర దేశాలు తిరగవచ్చు. వీసా కోసం ఇంటి పత్రాలు, నాన్న బ్యాంకు పత్రాలు మోసుకుని తిరిగినవాడికి, ఎవరూ ఏమీ అడగని సరిహద్దు మొదట్లో కొంత అవమానంగా కూడా తోస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ లోటు తీరుతుంది. 2023 నుంచి జర్మనీ ఈ సరిహద్దులో మళ్ళీ తనిఖీలు పెట్టింది. పోలీసులు పెట్టెలోకి వచ్చి పాస్‌పోర్టు, కార్డు చూస్తారు. తల్లికి చెప్పనిదాంట్లో ఇదొకటి.

ఇక వచన విచారం. ఒక్కడు రాస్తూ “వెళ్ళొచ్చాం” అన్నాడు. ఇక్కడ రెండు సంప్రదాయాలు. ఇది గణిత బహువచనమని డ్రెస్డెన్ సంప్రదాయం: హాస్టలు గది అద్దె నలుగురికి పంచితే గాని యాత్ర సంభవించదు గనుక, స్నేహం కంటే ముందు భాగహారం వల్ల పుట్టిన “మేము” ఇది. ఖమ్మం సంప్రదాయానికి ఆద్యురాలు పిన్ని. ఆమె ఒకే ప్రశ్న వేసింది: ఆ నలుగురిలో ఆడపిల్లలెంతమంది? మూలం ఈ విషయంలో మౌనంగా ఉంది. మూలం మౌనంగా ఉన్నచోట వ్యాఖ్యాత నోరు మెదపడం క్షేమం కాదు.

శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేశాం: “వచ్చేశాం” అనడంలో త్వర సూచితం. అంటే చదువు పాడు కాలేదని ధ్వని. సోమవారం ల్యాబు ఉందని వాచ్యం చేస్తే తల్లి నమ్మదు, ధ్వనిస్తే నమ్ముతుంది. గూఢకారణం మరొకటుంది. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రానికి పాలూ పెరుగూ కొనుక్కోనివాడు సోమవారం దాకా తన బుద్ధిహీనతను ధ్యానిస్తూ కూర్చోవాలి. ప్రాగ్‌లో ఆదివారం కూడా అంగళ్ళు తెరిచి ఉంటాయి. చరిత్ర కోసం వెళ్ళామనేవారిలో కొందరు తెరిచి ఉన్న సూపర్‌మార్కెట్టు కోసం వెళ్ళినవారే.

చాలా బాగుంది: ఏది? విశేష్యం లోపించింది. అధ్యాహారం చేసుకోవాలి.

మొదట చార్లెస్ వంతెన. వల్టావా నది మీద 516 మీటర్ల పొడవు, పదహారు కమానులు, ఇరువైపులా ముప్పై విగ్రహాలు. రాజు నాలుగో చార్లెస్ దీనికి ముహూర్తం పెట్టించి శంకుస్థాపన చేశాడని ప్రసిద్ధి: 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. అంకెలు వరసగా రాస్తే 135797531. ఎటునుంచి చదివినా ఒకటే. వికటకవి అన్న పేరుకు మురిసిపోయే జాతివాడు ఇక్కడ ఆగి నమస్కారం పెట్టకపోతే తప్పు. కర్త ఆగలేదు. విగ్రహం పక్కన ఖాళీ దొరికిందని ఫొటో దిగాడు. ఆ విగ్రహం నెపోముక్ జాన్‌ది. 1393లో రాజాజ్ఞతో నదిలో పారవేయబడిన మతగురువు ఆయన. పీఠం మీది కంచు ఫలకాన్ని తాకితే మళ్ళీ ప్రాగ్‌కు వస్తారని నమ్మకం. వేలాది చేతులు తాకి ఆ భాగం మెరుస్తోంది. కర్త తాకాడు. తాకుడుకు రుసుము లేదు.

పిమ్మట నగర గడియారం. 1410 నాటిది, ఇప్పటికీ తిరుగుతోంది. ఇందులో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎంత నిండాడో కనిపిస్తుంది. సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కించే పాత చెక్ పద్ధతి కూడా దీని ముఖం మీదే ఉంది. మనవాడు సగం పంచాంగం చదివినట్టే, చదవగలిగితే. గంట గంటకూ పై కిటికీల్లో అపొస్తలులు నడిచిపోతారు, అస్థిపంజరం గంట కొడుతుంది. దాని సహచరుల్లో ఒకడు అద్దంలో ముఖం చూసుకునే దర్పం, ఇంకొకడు డబ్బు సంచి పట్టుకున్న లోభి. మృత్యువు గంట కొట్టి పిలిస్తే ఇద్దరూ అప్పుడే రామని తల అడ్డంగా ఊపుతారు. ఆరు వందల ఏళ్ళనాటి యంత్రానికి సెల్ఫీ కెమెరానూ, యూరోను రూపాయల్లోకి మార్చే మనస్సునూ ముందే ఊహించి రెండు బొమ్మలు కేటాయించినట్టుంది. కింద ఫోన్లెత్తి నిలబడ్డ జనమంతా ఆ ఇద్దరి శిష్యులే. తమాషా నిమిషంలోపే ముగుస్తుంది. “ఇంతేనా” అన్న మాట అక్కడ అన్ని భాషల్లోనూ వినబడుతుంది.

తర్వాత కోటలోని సెయింట్ వీటస్ ఆలయం. 1344లో మొదలై 1929లో పూర్తయింది. అనగా 585 ఏళ్ళు. దీన్ని చూసి వచ్చినవాణ్ణి, రెండేళ్ళ కోర్సు రెండేళ్ళలో ఎందుకు కాలేదని ఇంట్లోవారు ఇక అడగరాదని కర్త అభిప్రాయం. తండ్రి పక్షం వేరు: ఆ కట్టడానికి వడ్డీ కట్టింది తాను కాదు.

పెద్ద ఖర్చేం కాలేదు: ఈ వాక్యమే గ్రంథానికి జీవస్థానం. “పెద్ద” అనే విశేషణం సాపేక్షం. దేనితో పోల్చి పెద్ద కాదు? పారిస్‌తో అని కర్త, పప్పు ధరతో అని తల్లి.

విదేశంలో తెలుగు విద్యార్థికి గుణకారం ఊపిరి లాంటిది. యూరో వంద రూపాయల చుట్టుపక్కల తిరిగే కాలంలో జర్మనీలో గుణకారం సుఖం: రెండు సున్నాలు చేర్చితే చాలు. అర యూరో మరుగుదొడ్డి యాభై రూపాయలు, ఒక యూరో మరుగుదొడ్డి వంద. ఈ లెక్క వల్ల ఎందరో శరీరధర్మాన్ని గదికి చేరేదాకా నిగ్రహించి యోగులైనారు. చెక్ దేశం 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది గాని యూరోను తీసుకోలేదు, కొరునాలతోనే ఉంది. యూరోకు ఇరవై నాలుగైదు కొరునాలు, కొరునాకు సుమారు నాలుగు రూపాయలు. కనుక ప్రతి ధరనూ ఒకసారి భాగించాలి, మరోసారి గుణించాలి. గోడ మీద 200 అని కనబడగానే గుండె ఆగి, ఎనిమిది యూరోలని తేలగానే కొట్టుకుని, ఎనిమిది వందల రూపాయలని తేలగానే మళ్ళీ ఆగుతుంది.

మార్గంలో మాయలున్నాయి. “0% కమిషన్” అని బోర్డు పెట్టిన మార్పిడి దుకాణాలు కమిషన్ తీసుకోవు నిజమే, కానీ మారకపు రేటులోనే అంతా తీసుకుంటాయి. ఇలా మోసపోయేవారి మీద జాలితో 2019లో చట్టం మార్చారు: మార్చుకున్న మూడు గంటల్లోపు వచ్చి రద్దు చేసుకోవచ్చు. ఏటీఎం మాయ ఇంకా సూక్ష్మం. కొరునాల్లో కట్టమంటారా, మీ యూరోల్లో కట్టమంటారా అని ప్రేమగా అడుగుతుంది. ఆ “మీ” అన్న మాటకు కరిగినవాడు నష్టపోతాడు. సొంతమన్నదాన్ని త్యజించి కొరునా నొక్కినవాడే జ్ఞాని.

తిన్నాను: బహువచనంతో మొదలైన గ్రంథం ఇక్కడ ఏకవచనంలోకి దిగింది. ఇది స్ఖాలిత్యం కాదు. మిగతా ముగ్గురూ మాంసపు గూలాష్ తిన్నారు. కర్తది శనివారం నియమం. కనుక మెనూ అంతా వెతికి స్మజెనీ సీర్ పట్టుకున్నాడు: పెద్ద జున్నుముక్కను రొట్టెపొడిలో పొర్లించి వేయించి, బంగాళాదుంపలతో పెట్టేది. అదీ ఏకవచనానికి కారణం. సకర్మక క్రియకు కర్మ చెప్పకపోవడం బుద్ధిపూర్వకం. చెబితే “ఒట్టి జున్నేనా, అన్నం లేదా?” అన్న ఉపప్రశ్న పుడుతుంది. ఉదయం రైల్లో డబ్బా పులిహోర తిన్నమాట నిజమే గనుక క్రియ అబద్ధం కాదు.

ఫొటోలు పెడతా: భవిష్యదర్థకం. ఎడిట్ చేశాక అని అధ్యాహారం.

పూర్వపక్షం, సిద్ధాంతం

ఇక్కడ ఒక గట్టి పూర్వపక్షం ఉంది. వల్టావా నది ప్రాగ్ దాటి మ్యెల్నిక్ దగ్గర ఎల్బెలో కలుస్తుంది. ఆ ఎల్బె సరిహద్దు దాటి నేరుగా డ్రెస్డెన్ నడుమనుంచి పోతుంది. 2002 ఆగస్టులో రెండు నగరాలనూ ముంచింది ఒకే వరద. కనుక వంతెన మీద నిలబడి ఇతను డబ్బు పెట్టి చూసిన నీళ్ళు, ఉన్నచోట ఉంటే ఉచితంగా ఇంటికే వచ్చేవి. యాత్ర వ్యర్థం.

సమాధానం చెప్పాలంటే రెండో ప్రతిని చూడాలి. నలుగురి ఖర్చుల లెక్క స్ప్లిట్‌వైజ్ అనే యాప్‌లో భద్రంగా ఉంది. కుటుంబ పాఠంలో అన్నీ లోపిస్తే ఇందులో ఏదీ లోపించదు. ట్రాము టికెట్లు, హాస్టలు, లాకరు, ఒకడు ఇంకొకడి కోసం కట్టిన మరుగుదొడ్డి రుసుము సైతం యూరో సెంట్లతో సహా నమోదయ్యాయి. ఈ వ్యాఖ్యాత రెండు ప్రతులనూ, ఫొటోలనూ సరిపోల్చగా ఒక భేదం బయటపడింది. ఆదివారం ఉదయం నది ఒడ్డున నలుగురి చేతుల్లోనూ త్రదెల్నిక్ కనబడుతోంది: పిండిని కడ్డీకి చుట్టి కాల్చి, పంచదార, దాల్చినచెక్క పొడి అద్దినది. బోర్డు మీద ప్రాచీన వంటకమని ఉన్నా ప్రాగ్ వీధుల్లో ఇది నిన్నమొన్నటి పర్యాటక భక్ష్యం. ధర తక్కువ కాదు. ఆ ధర ఏ లెక్కలోనూ లేదు. ఎవరు కొన్నారో రాయలేదు, ఎవరు ఎవరికి బాకీ పడ్డారో రాయలేదు.

కనుక సిద్ధాంతం ఇది. సరిహద్దు దాటడం యాత్ర కాదు, అది రైలు చేసే పని. గుణకారం ఆగినచోట యాత్ర మొదలవుతుంది. నలుగురికీ ఒకేసారి లెక్క మరపుకొచ్చిన ఆ కాసేపే వారు నిజంగా పరదేశంలో ఉన్నారు. మిగతా కాలమంతా ఖమ్మంలోనే, నాన్నగారి పాసుపుస్తకం నీడలోనే తిరిగారు. అదే నీరు డ్రెస్డెన్‌లోనూ పారుతుంది గాని, అక్కడి ఒడ్డున వీరెప్పుడూ లెక్క మరవలేదు.

తాత్పర్యం

అమ్మా, నేను క్షేమం. డబ్బు ఖర్చయింది, కానీ నువ్వనుకున్నంత కాదు. ఆకలితో లేను. ఒక్కణ్ణే లేను. ఎవరితో అని అడగకు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శనివారం తెల్లవారుజామున రైల్లో చదివినవారికి కిటికీ సీటు, ఆదివారం రాత్రి చదివినవారికి తనిఖీలో త్వరిత విముక్తి కలుగును. తల్లులు చదివిన యెడల ప్రశ్నలు సగానికి తగ్గును. పిన్నులు చదివిన యెడల ఏ ఫలమూ చెప్పబడలేదు.