అచ్చమైన కమ్మరి

సైనిక్‌పురిలో పాత వీధుల్లో నడిస్తే గేటు గేటుకీ ఒక హోదా, దాని కింద పేరు, పక్కన ‘రిటైర్డ్’ అన్న మాట కనిపిస్తాయి. మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ మరి. ఉద్యోగ విరమణ తర్వాత కొందరు గులాబీలు పెంచుతారు. కొందరు కాలనీ సంఘం ఎన్నికల్లో పాత యుద్ధాలు కొనసాగిస్తారు. కర్నల్ గారు మాత్రం కత్తులు చేయించేవారు.

దొంగతనంగా కాదు, రసీదు పుస్తకం పెట్టుకునే. ఆయన పనిచేసింది మద్రాస్ సాపర్స్‌లో. 1780లో ఈస్టిండియా కంపెనీ ‘మద్రాస్ పయనీర్లు’ పేరుతో పెట్టిన రెండు దళాలు ఆ రెజిమెంటుకి మూలం. సైన్యానికి ముందు నడిచి దారి వేయడం, కందకాలు తవ్వడం, వంతెనలు కట్టడం వాళ్ల పని. తుపాకీ కంటే ముందు పలుగు, పార, గొడ్డలి, మచ్చుకత్తి చేతబట్టిన సిపాయిలు. ఆ పనిముట్లంటే కర్నల్ గారికి ప్రాణం. పాత పుస్తకాల్లోని బొమ్మలు చూసి, కొలతలు తీసి, అచ్చం అలాంటివే చేయించి విదేశాలకు పంపేవారు.

కొనేవాళ్లు ఎవరంటే, పాత యుద్ధాలను మళ్లీ ఆడేవాళ్లు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇదొక పెద్ద సరదా. శనాదివారాల్లో ఏదో ఒక పొలంలో గుడారాలు వేసి, రెండు వందల ఏళ్ల కిందటి బట్టలు తొడుక్కుని, ఆనాటి తిండి వండుకుని, ఆనాటి యుద్ధం చేసి, సోమవారం ఆఫీసుకి పోతారు. మన పగటివేషగాళ్లకి ఇది పొట్టకూడు. వాళ్లకి పొట్ట నిండాక వచ్చే పని. కానీ నిష్ఠలో మాత్రం తేడా లేదు. గుండీ ప్లాస్టిక్‌దైతే ఒప్పుకోరు, కుట్టు మిషన్‌దైతే ఒప్పుకోరు. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో చూసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి వాళ్లలోనే ‘కుట్లు లెక్కపెట్టేవాళ్లు’ అని వెక్కిరింపు పేరు.

ఈ వ్యాపారం మన దేశానికి కొత్తేమీ కాదు. 1943లో గూర్ఖా సైనికులకు ఖుక్రీలు చేస్తూ డెహ్రాడూన్‌లో మొదలైన విండ్లాస్ సంస్థ పాతకాలపు కత్తుల నకళ్లని ప్రపంచమంతటికీ పంపుతుంది. కర్నల్ గారిది అంత భారీ వ్యవహారం కాదు. ఒక కమ్మరి, ఒక కొలిమి, ఒక కొరియరు.

ఆ కమ్మరి నాచారం పారిశ్రామికవాడ దాటాక మల్లాపూర్ వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండేవాడు. అందరూ చారి అనేవాళ్లు. నిజామాబాద్ జిల్లా నుంచి వాళ్ల నాన్న హయాంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కొబ్బరిబోండాల వాళ్లకి కత్తులు, రాళ్లు కొట్టేవాళ్లకి ఉలులు, మేస్త్రీలకి గడ్డపారలు. తోలు తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ, దాగలి మాత్రం తాత నాటిదే. సరుకు పాత లారీల కమాను పట్టీలు. వాటికి మించిన ఉక్కు కత్తికి దొరకదని చారి నమ్మకం.

కర్నల్ గారి మొదటి షరతు, “ఏ కత్తీ తొమ్మిదంగుళాలు దాటకూడదు, చారీ.”

“ఎందుకు సార్?”

“దాటితే అది ఆయుధం కింద లెక్క. రెండంగుళాల కన్నా వెడల్పున్నా అంతే. ఆయుధ నిబంధనల్లో ఉంది.”

చారి గోడకి ఆనించి ఉన్న కొబ్బరిబోండాల కత్తి వైపు చూశాడు. అది మూరెడుంది.

“అది పనిముట్టు. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ చేసిన వాటికి మినహాయింపు.”

“అంటే మనిషిని నరికితే కత్తి, బోండాన్ని నరికితే పనిముట్టు. మంచిగనే ఉన్నది సార్.”

ఇంగ్లండు నుంచి ఎక్కువ ఆర్డర్లు పెట్టేది ఒక రిటైరైన భూగోళం మాస్టారు. ఆయన బృందం ఆడేది 1799 నాటి శ్రీరంగపట్నం ముట్టడి. ఆయన వేషం కంపెనీ పయనీర్ల అధికారి. మొదటి మచ్చుకత్తి అందగానే రెండు పేజీల ఉత్తరం రాశాడు. కత్తి ఒంటి మీద సుత్తి దెబ్బల గుంటలు కనబడుతున్నాయట. చేత్తో చేసిందని చూపించడానికి ఈ కాలం వాళ్లు అలా వదిలేస్తారనీ, ఆనాటి పనివాడు వాటిని ఆకురాయితో నున్నగా రుద్దేవాడనీ, గుంటలు వదిలితే నామోషీగా భావించేవాడనీ పాఠం చెప్పాడు.

కర్నల్ గారు ఆ ఉత్తరాన్ని తెలుగు చేసి వినిపించారు. చారి తల గోక్కున్నాడు.

“నాగ్గూడ నామోషీనే సార్. చేత్తోని చేసినట్టు కనబడాలె, దెబ్బలు ఉంచుమని మీరే చెప్తిరి.”

రెండోసారి కర్నల్ గారు తెలివి ఉపయోగించారు. ఈసీఐఎల్ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాళ్లకి కొదవ లేదు. సర్క్యూట్ బోర్డుల మీది రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడు ఒక సీసా సంపాదించారు. ఉక్కుకి రాస్తే అది నల్లబడి, గరుకు తేలి, వందేళ్ల వయసు ఒక్క పూటలో వస్తుంది. ఆ పైన టీ డికాక్షన్‌లో నానబెట్టిన పిడి బిగించి పంపించారు. మాస్టారి నుంచి జవాబు ఒకే వాక్యం: “అయ్యా, 1799లో ఈ కత్తి కొత్తదే కదా!”

నిజమే. గోడకి తగిలించుకునేవాడికి తుప్పు కావాలి గానీ, ఆ కాలంలో బతుకుతున్నట్టు నటించేవాడికి తుప్పెందుకు? కర్నల్ గారు సిగ్గుపడి సీసా బయట పడేశారు. చారికి మాత్రం ఆనాటి నుంచి ఆ దొర మీద గౌరవం పెరిగింది. “పని తెలిసినాయన సార్,” అన్నాడు.

మూడో ఆర్డరుకి ఏ వంకా రాలేదు. గ్రైండరు ముట్టకుండా ఆకురాయితోనే రుద్దాడు చారి. పిడికి ఇనుప రివిట్లు కొట్టి తలలు కనబడకుండా సాపు చేశాడు. బాడిశలు, ఉలులు, గొడ్డళ్లు, ఒక పట్టుకారు, ఒక సమ్మెట వెళ్లాయి. మాస్టారు ముగ్ధుడైపోయి, ఈ పనివాడు ఎవరు, ఏ ఊరు అని అడిగాడు. కర్నల్ గారు మామూలుగా రాశారు: నిజామాబాద్ జిల్లా, కోనసముద్రం దగ్గరి పల్లె.

దానికొచ్చిన జవాబు చూసి కర్నల్ గారే కంగారుపడ్డారు. నిజమా, నిజంగా కోనసముద్రమేనా అని ఆ ఉత్తరం నిండా ప్రశ్నలే. మాస్టారికి ఆ ఊరు తెలుసు. మనలో చాలామంది కంటే బాగా తెలుసు. రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, రోజంతా బొగ్గుల మీద కాల్చి ఉక్కు ముద్దలు తీసిన ఊరది. దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన సర్వేలో వైద్యుడిగానూ భూగర్భ శాస్త్రజ్ఞుడిగానూ పనిచేసిన హెన్రీ వాయ్‌సీ 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లి ఆ పద్ధతిని రాసిపెట్టాడు. అతను వెళ్లేసరికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనుక్కోవడానికి వచ్చిన వర్తకుడొకడు అక్కడున్నాడు. అంతకు ముందే, 1795లో, మన దక్షిణాది ఉక్కు గురించి జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో పరిశోధన పత్రం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు ఆ ఉక్కు గుట్టు విప్పాలని కొలిమి ముందు చెమటోడ్చాడు.

ఇదంతా చెప్తే చారి ఆసక్తిగా విన్నాడు. “మా తాతలు ఉక్కు వండిన్రో లేదో నాకు ఎర్క లేదు సార్. కొలిమి మాత్రం ఉండె.”

“శ్రీరంగపట్నానికి నిజాం సైన్యం కూడా కంపెనీతో కలిసి వెళ్లింది, చారీ. సైన్యం వెంట కమ్మర్లు పోకుండా ఉండరు.”

“అంటే టిప్పు సుల్తాన్ మీదికి మావోళ్లు గూడ పోయిన్రంటరా?”

“పోయే ఉంటారు. గుర్రాలకి నాడాలు ఎవరు కొట్టాలి?”

“అయితే మంచి పని చెయ్యలే,” అని చారి బ్లోయరు స్విచ్చి నొక్కాడు.

ఆ ఉత్తరం చివర్లో ఒక ఆహ్వానం ఉంది. వచ్చే వేసవి శిబిరంలో కంపెనీ గుడారాల పక్కన దక్కన్ కమ్మరి కొలిమి ఒకటి పెట్టాలని వాళ్ల బృందం ఎప్పటినుంచో అనుకుంటోంది. కోనసముద్రం సీమ కమ్మరే దొరికాక ఇంకేం కావాలి? టికెట్టు, భోజనం, బస వాళ్లే చూసుకుంటారు. చారి వచ్చి రోజూ చేసే పనే అక్కడ చేస్తే చాలు.

చారి భార్య స్వెట్టరు కొంది. కొడుకు సూట్‌కేసు తెచ్చాడు. కర్నల్ గారు వీసా ఫారాలు నింపడానికి కూర్చున్నారు.

వృత్తి అన్న గడిలో ‘కమ్మరి’ అని రాయడం తేలికే అయింది. దాని కింద ‘ఆధారాలు జతచేయండి’ అని ఉంది. దుకాణం లైసెన్సు లేదు. షెడ్డు కౌలు నోటిమాట. పన్ను రిటర్నులు లేవు. బ్యాంకు ఖాతాలో గ్యాస్ సబ్సిడీ తప్ప చెప్పుకోదగ్గ లావాదేవీ లేదు. 2023 సెప్టెంబరులో కేంద్రం విశ్వకర్మ పథకం మొదలుపెట్టి కమ్మర్లకీ గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలెట్టింది గానీ, ఇది కరోనాకి కూడా ముందు మాట. అప్పట్లో కమ్మరి కమ్మరేనని చెప్పే కాగితం లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చారికి దాని అవసరమూ రాలేదు. చివరికి కర్నల్ గారు తన లెటర్‌హెడ్ మీద ఒక పత్రం రాశారు, ఊరి సర్పంచ్ ఒకటి రాశాడు, కొలిమి దగ్గర నిలబడ్డ ఫోటోలు నాలుగు పెట్టారు.

వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్లిన రోజు ఇంకో చిక్కొచ్చింది. పది వేళ్లూ అద్దం మీద పెడితే యంత్రం ఒప్పుకోలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టించారు, క్రీము రాసి పెట్టించారు, గట్టిగా నొక్కమన్నారు, మెల్లగా ఆనించమన్నారు. నలభై ఏళ్లు నిప్పూ సుత్తీ పట్టిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగిలాయి? కౌంటరు వెనకాల ఉన్న అమ్మాయి విసుగు దాచుకుంటూ, “ఏం పని చేస్తారంకుల్ మీరు?” అని అడిగింది.

“కమ్మరి పని బిడ్డా.”

“అదీ ఫారంలో రాసే ఉంది లెండి,” అని ఆమె మళ్లీ తడిగుడ్డ అందించింది.

మూడు వారాలకి కవరు వచ్చింది. కర్నల్ గారు అద్దాలు పెట్టుకుని చదివారు, ఇంకోసారి చదివారు. పేర్కొన్న వృత్తిలో దరఖాస్తుదారు వాస్తవంగా ఉన్నారనడానికి సంతృప్తికరమైన ఆధారాలు లేనందున వీసా నిరాకరించడమైనది.

చారి ఏమీ అనలేదు. స్వెట్టరు కొడుక్కిచ్చాడు. సూట్‌కేసులో మిగిలిన ఆకురాళ్లు సర్దుకున్నాడు. ఆ రోజు కొబ్బరిబోండాల వాళ్లకి ఇవ్వాల్సిన కత్తులు నాలుగున్నాయి, అవి చేసిచ్చాడు.

ఆగస్టులో మాస్టారి నుంచి ఫోటోలు వచ్చాయి. శిబిరం బ్రహ్మాండంగా జరిగిందట. కర్నల్ గారు ఫోను పట్టుకుని నాచారం వెళ్లారు. తెరని పెద్దది చేసి చారికి చూపించారు. ఎర్రకోట్ల సిపాయిలు, గుడారాలు, పక్కన కొలిమి. కొలిమి ముందు తువ్వాలులా చుట్టుకున్న పంచె, బుట్టంత తలపాగా, ముఖాన బొగ్గుమసితో ఒక ఎర్రటి పెద్దమనిషి. ఒక చేతిలో చారి చేసిన సమ్మెట, ఇంకో చేతిలో చారి చేసిన పట్టుకారు.

“ఈయనెవరు సార్?”

“నువ్వు రాలేదని నీ వేషం ఈయన కట్టాట్ట. అసలు వృత్తి పళ్ల డాక్టరు.”

చారి ఫోటోని దగ్గరికి లాక్కుని చూశాడు. “పట్టుకారు ఎడమచేతిల ఉండాలె, సుత్తి కుడిచేతిల. ఉల్టా పట్టిండు.”

“ఎడంచేతి వాటమేమో.”

“కాదు సార్. పండ్లు పీకేటాయన గద, పట్టుకారు కుడిచేతికే పోతది.”

కర్నల్ గారికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. చారి ఇంకా ఫోటోనే చూస్తున్నాడు.

“మెడల ఆ బిళ్ల ఏంది సార్?”

కర్నల్ గారు తెరని ఇంకా పెద్దది చేశారు. రాజముద్ర లాంటి ముద్ర, కింద రెండు సంతకాలు. “వాళ్లలో తనిఖీ సంఘం ఒకటుంటుంది చారీ. ఎవరి వేషం సరిగ్గా ఉందో చూసి కార్డు ఇస్తుంది. అది లేందే శిబిరంలోకి రానివ్వరు.”

“ఏం రాసి ఉన్నది?”

కర్నల్ గారు కాసేపు తటపటాయించారు. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. “‘పద్దెనిమిదో శతాబ్దపు దక్కన్ కమ్మరి. పరిశీలించి, అచ్చమైనవాడని ధ్రువీకరించడమైనది’ అని.”

చారి ఫోను తిరిగి ఇచ్చేసి, కొలిమిలో కాలుతున్న కమాను పట్టీని తిప్పి పెట్టి అన్నాడు:

“దొరకు ఒక ముక్క రాయుండ్రి సార్. అసొంటి కార్డు నాకొకటి పంపుమనుండ్రి. ఈసారి వీసాకు గదే పెడ్దాం.”