ఎవరికీ తెలియని బీచ్: స్వరూప స్వభావాలు

'ఎవరికీ తెలియని బీచ్' అనేది విజయవాడకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో, ముఖ్యంగా ఆదివారాల్లో వెలిసే ఒక తీరప్రాంతం. సూర్యలంకలో కాలు పెట్టే చోటు లేదని విసుక్కున్న సందర్శకుడు, అక్కడికి కొద్ది దూరంలో సరుగుడు తోటల పక్కన కారు ఆపి, ఫోను వైపు తిరిగి, "ఫ్రెండ్స్, ఈ ప్లేస్ గురించి ఎవ్వరికీ తెలీదు" అని ప్రకటించిన క్షణాన ఇది పుడుతుంది. ప్రకటన విన్నవాళ్లు వేలల్లో ఉన్నా, అందులో వందలమంది మరుసటి ఆదివారానికల్లా బయల్దేరి వచ్చినా, దానికి ఆ పేరు పోదు. తీరప్రాంతాల్లో మరే రకానికీ ఈ సౌకర్యం లేదు.

ఉనికి విషయానికొస్తే, ఇలాంటి బీచ్‌లు కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి రెండు వైపులా విస్తరించి ఉంటాయి. ఒక పక్క బందరు దగ్గరి మంగినపూడి, నది చివర హంసలదీవి, పాలకాయతిప్ప, మరో పక్క నిజాంపట్నం దాటాక బాపట్ల, చీరాలల వైపు సూర్యలంక, రామాపురం, ఓడరేవు, మోటుపల్లి. బందరునూ బాపట్లనూ చీరాలనూ కలుపుతూ 216వ నంబరు జాతీయ రహదారి పోతుంది. బాపట్ల, చీరాల విజయవాడ-చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉన్నాయి. సూర్యలంకలో వైమానిక దళ స్థావరమే ఉంది. అక్కడ క్షిపణులను పరీక్షిస్తారు. జాతీయ రహదారికీ, రైల్వేలకూ, రక్షణ శాఖకూ తెలిసిన చోటు ఎవరికీ తెలియకుండా ఎలా పోయిందనే సందేహం రావడం సహజం. దానికి సమాధానం లెక్కింపు పద్ధతిలో ఉంది. 'ఎవరికీ' అన్నప్పుడు తెల్లవారుజామున పడవ దించే పల్లెకారులు లెక్కలోకి రారు. సరుగుడు నరికే కూలీలు, రొయ్యల చెరువుల కాపలాదారులు, తుపాను షెల్టరు తాళంచెవి దాచే మనిషి, గుడి పూజారి కూడా రారు. వీళ్లందరినీ తీసేశాక మిగిలేది సందర్శకుడు, అతని స్నేహితులు. వాళ్లకు నిన్నటిదాకా నిజంగానే తెలియదు.

తెలియకపోవడానికి చరిత్ర కూడా పెద్దగా సహకరించలేదు. ఈ తీరాన్నంతా రెండో శతాబ్దంలోనే గ్రీకు భూగోళవేత్త టోలెమీ 'మైసోలియా' పేరుతో తన పుస్తకంలో ఎక్కించాడు. అతనికి డ్రోను లేదు. మోటుపల్లి సంగతి మరీ ఇబ్బందికరం. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారనీ, ఇకమీదట ఆ పని జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ వసూలు చేయబోమనీ అందులో చెప్పించాడు. సుంకం ముప్పయింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, పట్టు, పోకలు అంటూ ఏ సరుకుకు ఎంతో విడివిడిగా చెక్కించాడు. బయటివాళ్లను మా తీరానికి రండి అని పిలుస్తూ, ధరల పట్టీతో సహా రాతి మీద వేయించిన ప్రకటన అది. ఎనిమిది వందల ఏళ్లు కావస్తున్నా అదే తీరంలో గొడుగు కింద కుర్చీకి ఎంతో, కారు నిలపడానికి ఎంతో రాసి పెట్టిన శాసనం మాత్రం వెతికినా కనిపించదు. అడిగినవాడి మొహం చూసి చెబుతారు.

ఆ 13వ శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని 'ముత్ఫిలి' అని పేర్కొని, వజ్రాల గురించీ, సాలెగూడంత పలుచని బట్టల గురించీ చెప్పాడు. బందరుకు 1600ల తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి గిడ్డంగులు పెట్టుకున్నారు. వీళ్లెవరూ తాము దిగిన రేవు ఎవరికీ తెలియదని చెప్పుకోలేదు. తెలిసే వచ్చామనీ, అద్దకం బట్టలు కొనడానికి వచ్చామనీ ఒప్పుకున్నారు.

హంసలదీవికి స్థలపురాణమే ఉంది. పాపుల మలినాలు సోకి కాకి రూపం దాల్చిన గంగ, కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి హంసగా మారిందని చెబుతారు. ఈ మార్పును ఇప్పుడు ఫోనులోని ఫిల్టరు మునగకుండానే చేసి పెడుతోంది.

ఫిల్టరు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రకం బీచ్‌కు అది నీటికంటే ముఖ్యం. కనిపెట్టినవాడు తీరానికి పెట్టే రెండో పేరు 'మినీ గోవా' లేదా 'ఆంధ్రా మాల్దీవ్స్'. మాల్దీవులు పగడపు దిబ్బలు. అక్కడ ఒక్క నది కూడా లేదు కనుక నీళ్లు అద్దంలా ఉంటాయి. కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు దక్కన్ నల్లరేగడి మీదుగా నడిచి ఇక్కడికి వస్తుంది. దివిసీమ నేల ఆ ఒండ్రుతో ఏర్పడిందే. సముద్రం మట్టిరంగులో ఉండటం ఇక్కడ లోపం కాదు, ఈ భూమికి జన్మకారణం. మంగినపూడిలో పాదం కింద తగిలేది చాలాచోట్ల తెల్లని ఇసుక కాదు, నల్లటి బంకమట్టి. దానివల్లే బందరు వాళ్లకు తిండిగింజలున్నాయి. అయితే వరి పండించిన మట్టి ఫొటోకు పనికిరాదు. అందుచేత నీటికి నీలం, ఇసుకకు తెలుపు, ఆకాశానికి నారింజ పులిమి, కింద 'నో ఫిల్టర్' అని రాస్తారు.

'మనిషి చెయ్యి తగలని ప్రకృతి' అనే మాట కూడా తరచుగా వినబడుతుంది. ఈ తీరానికి మనిషి చెయ్యి ఎగువన తగిలింది. విజయవాడలో 1855 నాటికి ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగర్, ఆపైన శ్రీశైలం వచ్చాయి. నది మోసుకొచ్చే ఒండ్రులో చాలాభాగం ఇప్పుడు జలాశయాల అడుగున పేరుకుంటోంది. ఒండ్రు అందని ముఖద్వారం దగ్గర సముద్రం ఒడ్డును కోస్తోంది. సందర్శకుడు వెన్ను ఆనించి ఫొటో దిగే, వేళ్లు పైకి తేలి పడిపోయిన చెట్టు ఆ కోతకు సాక్ష్యం కావచ్చు. అతని దృష్టిలో అది 'ఈస్తటిక్'.

ఇక రుతువులు. కార్తిక పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి తీరాల్లో సముద్రస్నానానికి జనం విరగబడతారు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. పోలీసులు అడ్డుకర్రలు కడతారు, గజ ఈతగాళ్లను నిలబెడతారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వేణుగోపాలస్వామి తిరునాళ్లలో, సాగరసంగమం దగ్గర మనిషి పక్కన మనిషికి చోటుండదు. కోడూరు, అవనిగడ్డ దారులు వాహనాలతో నిండిపోతాయి. తాతల కాలం నుంచీ ఏటా సాగుతున్న ఈ రాకపోకలను 'తెలియడం' కింద జమకట్టరు. పసుపు కుంకుమలతో వచ్చిన ముసలమ్మ కంటపడిన సముద్రం కనిపెట్టబడినట్టు కాదు. దానికి నల్లకళ్లద్దాలుండాలి.

మంగినపూడి విషయంలో ప్రభుత్వం కూడా రహస్యం కాపాడలేకపోయింది. 2025 జూన్‌లో అక్కడ మసులా బీచ్ ఫెస్టివల్ జరిపింది. బందరు పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన చేశారు. ముగ్గురు ముఖ్యమంత్రులు వచ్చి రాళ్లు వేసి వెళ్లిన తీరం ఎవరికీ తెలియదంటే ఆ ముగ్గురికీ చిన్నతనం.

వేసవి ఈ బీచ్‌కు అసలైన సీజను. బడులకు సెలవులు, సముద్రానికి కూడా సెలవులే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్ పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆపుతారు. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉంటాయి. సరిగ్గా అప్పుడే దిగిన సందర్శకుడు ఆ పడవల మీదెక్కి ఫొటో దిగి, పక్కనున్న పాకలో 'ఇప్పుడే పట్టిన' చందువా వేపుడు అడుగుతాడు. అడిగినవాడికి లేదనడం వ్యాపారం కాదు. కృష్ణా, పశ్చిమగోదావరి చెరువుల్లో పెరిగే రూప్‌చంద్ అనే చేప చూపుకు చందువాలాగే ఉంటుంది. కారం దట్టంగా పట్టిస్తే పోలిక ఇంకా కుదురుతుంది. కైకలూరు చెరువులో పుట్టి, మేత తిని పెరిగి, ఐసు పెట్టెలో ప్రయాణం చేసి వచ్చిన చేపకు అలా సముద్రయోగం పడుతుంది. తిన్నవాడు ఆ రుచి నగరంలో దొరకదంటాడు. అతని ఇంటి పక్క మార్కెట్లో దొరుకుతుంది.

తీరం నిశ్శబ్దంగా ఉండటానికి కారణాలు ఏ ప్రచారంలోనూ చెప్పరు. 1864 నవంబరులో బందరు మీద పడిన ఉప్పెన సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమలో అధికార లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. సొర్లగొంది లాంటి పల్లెల్లో ఏడవడానికి మనుషులు మిగల్లేదు. 2004 డిసెంబరు 26న, పౌర్ణమి నాడు, సునామీ వచ్చి ఆంధ్ర తీరంలో వందమందికి పైగా మరణించారు. సముద్రానికి ఆనుకుని మేడలు కట్టుకోకూడదని ఇక్కడివాళ్లు నేర్చుకున్న పాఠం ఇది. ఆ ఖాళీ జాగాను చూసి సందర్శకుడు "ఇంత మంచి వ్యూ, ఒక్క రిసార్టూ లేదేంటి?" అని ఆశ్చర్యపోతాడు. తుపాను గాలి ఉరవడి తగ్గించడానికి పెంచిన సరుగుడు తోటలను వంటకూ, మందుకూ, మరుగుకూ వాడుకుంటాడు. అన్నీ ఒకే చోట జరుగుతాయి.

రాత్రిపూట నిశ్శబ్దానికి వేరే హక్కుదారులున్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చీకట్లో ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. దాదాపు ఏడు వారాలకు పిల్లలు బయటికొచ్చి, వెలుగు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రానిది. విద్యుద్దీపాల తోరణాలు, నెగడు, డీజే ఉన్న తీరంలో పిల్లలు సముద్రానికి వీపు తిప్పి పాకల వైపు నడుస్తాయి. అటవీశాఖ ఈ తీరంలో గుడ్లు సేకరించి కంచెల్లో పొదిగించే కేంద్రాలు నడుపుతోంది. ఆ కంచె పక్కనుంచే నాలుగు చక్రాల బండి ఇసుక దున్నుకుంటూ పోతుంది. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి, అంటే పులితో సమానం. పులి గుడ్లు పెట్టదు కాబట్టి దాని మీదుగా బండి నడిపే అవకాశం ఎవరికీ రాలేదు.

ఈ బీచ్ జీవితకాలం తక్కువ. మొదట వీడియో వస్తుంది, తర్వాత కొబ్బరిబోండాలు, మొక్కజొన్న పొత్తులు, ఆపైన ఇసుక మీద తిరిగే మోటారు బళ్లు. పంచాయతీ పార్కింగ్ రసీదు పుస్తకం అచ్చు వేయించేసరికి సీసా పెంకులు చేరతాయి. అలివి వల లాగే పల్లెకారుల కాళ్లకు ఆ పెంకులే గుచ్చుకుంటాయి. రిసార్టు వస్తుంది, దాని గేటు దగ్గర "మత్స్యకారులు ఇటు రాకూడదు" అనే ధోరణి వస్తుంది. అప్పటికి కనిపెట్టినవాడు జనం ఎక్కువయ్యారని చిరాకుపడి, ఇంకాస్త దూరం పోయి, మరో సరుగుడు తోట పక్కన కారు ఆపి ఉంటాడు. రామాపురం, ఓడరేవు తీరాలు ఈ దశలన్నీ దాటాయి. ఇంకా మిగిలిన ఖాళీ ఇసుక ఎంతన్నది పెట్రోలు ధర మీద ఆధారపడి ఉంది.

చివరిగా ఈత. విశాఖలోని రుషికొండకు 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు చూసిన వాటిలో ప్రాణరక్షకులు, హెచ్చరిక బోర్డులు, ప్రథమ చికిత్స ఉన్నాయి. ఎవరికీ తెలియని బీచ్‌లో ఇవేవీ ఉండవు, ఎవరికీ తెలియదు గనుక. బాపట్ల తీరంలో మునిగి చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి వేసవిలోనూ వస్తూనే ఉన్నాయి. వరస మరణాల తర్వాత పోలీసులు బీచ్‌లనే కొన్నాళ్లు మూసిన సందర్భాలున్నాయి. ఇక్కడ ఒడ్డుకు దగ్గర్లో ఇసుక మేటలు, వాటి మధ్య లోతైన కాలవలు ఉంటాయి. గాలివాన వచ్చినప్పుడల్లా వాటి చోటు మారుతుంది. అలలతో ఒడ్డెక్కిన నీరు ఆ కాలవల గుండా వేగంగా లోపలికి తిరిగిపోతుంది. ఆ చోట అల విరగదు, నురగ కనిపించదు, చుట్టుపక్కల కంటే నీరు నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. ప్రశాంతత కోరి వచ్చినవాడు సరిగ్గా అక్కడే దిగుతాడు. లాగేస్తున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే ఒళ్లు అలిసిపోతుంది. కంగారుపడకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. ఏ రోజు ఏ కాలవ ఎక్కడుందో వీడియోలో ఉండదు, వల బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషికి తెలుస్తుంది. దిగేముందు ఆయన్ని అడగండి.