చెవి ఉంటేనే చెల్లింపు!

పాడిగేదెకు బీమా చేయించాలంటే చెవిపోగు తప్పనిసరి. ఆ 12 అంకెల పసుపు బిళ్లే దాని ఆధార్.

గేదె చస్తే పోస్టుమార్టం పత్రంతోపాటు పోగూ చూపాలి. పోగు లేకుంటే పైసా రాదు.

మేతకెళ్లినప్పుడు తుమ్మకంపకు తగులుకుని ఊడిందా? అంతే సంగతులు! రైతు ప్రీమియం కట్టిందీ నిజమే, గేదె చచ్చిందీ నిజమే. కంపెనీ లెక్కలో మాత్రం అది ఎవరి గేదో!

పట్నంలో కుక్కల బీమాదీ ఇదే తంతు. పాత జబ్బులకు వర్తించదు. టీకాలకు సాధారణంగా వర్తించదు. వయసు మీరితే కొత్త పాలసీ ఇవ్వరు.

అంటే, జబ్బు చేయనంత కాలం సంపూర్ణ రక్షణ!

రైతన్నా, పోగు ఊడిన రోజే కంపెనీకి చెప్పు. గేదె పోయాక చెబితే వినే నాథుడుండడు.