మొదట ఎడిటర్, తర్వాతే కంప్యూటర్

పాత హోమ్ కంప్యూటర్ ఒకటి కొనుక్కుని దాని మీద రాసుకోవాలని మీకు కోరికగా ఉంటే, కంప్యూటర్ కోసం వెతకడం ఇవాళే ఆపేయండి. ముందు ఎడిటర్‌ని తేల్చుకోండి. మెమరీ ఎంత ఉంది, డ్రైవ్ ఎలాంటిది, వాటిలో ఏది ఇముడుతుంది అని చూసుకుంటూ చిట్టచివర ఎడిటర్ దగ్గరికి రావడం అందరూ చెప్పే పద్ధతి. దాన్ని తిరగేయమంటాను నేను. మెమరీ తర్వాత తెచ్చి తగిలించుకోవచ్చు. డ్రైవ్ పాడైతే ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒక మీటకి అలవాటుపడ్డ వేలిని ఇంకో మీటకి మళ్లించడం ఎంత కష్టమో, టైపు మిషన్ మీద ఇరవై ఏళ్లు పనిచేసి కంప్యూటర్‌కి మారిన పెద్దవాళ్లని అడగండి.

యంత్రం చేతికి రాకముందు నేను ఎనిమిది నెలలు మాన్యువల్ చదివాను. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని, ఏ మీటకి ఏ పని అప్పజెప్పాలో పెన్సిల్‌తో రాసుకుని, చెరిపి, మళ్లీ రాసుకున్నాను. మీరూ అలాగే చేయండి. తెర వెలిగాక ఆ ఓపిక ఉండదు, ఉన్నదానితో సర్దుకుపోతాం.

నాది అమిగా 500. జర్మనీలో హానోవర్ దగ్గర ఉంటాను. ఈ కంప్యూటర్లు చేసిన కమొడోర్ కంపెనీకి ఒకప్పుడు పక్కనున్న బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్యాక్టరీ ఉండేది. అందుకని ఇక్కడి ఆదివారం సంతల్లో పాత బూట్ల పక్కనా, పింగాణీ పళ్లేల పక్కనా ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడుతుంది. 1987లో వచ్చిన యంత్రం. లోపల 68000 ప్రాసెసర్, 7 మెగాహెర్ట్జ్ వేగం, 512 కిలోబైట్ల మెమరీ. ఫ్లాపీ మీద 880 కిలోబైట్లు పడతాయి. తెర మీద వరసకి 80 అక్షరాలు, అలాంటి వరసలు 32. రాసుకోవడానికి ఇంతకంటే ఎవరికైనా ఏం కావాలి?

దీనికి ఎడిటర్ల కొరత ఎప్పుడూ లేదు. కంప్యూటర్‌తో వచ్చే డిస్కుల్లోనే కొన్నున్నాయి. ఒకటి ఈడీ. ఎస్కేప్ నొక్కి ఒక అక్షరం కొడితే సేవ్ చేస్తుంది, మూసేస్తుంది. ఇంకోటి ఈమ్యాక్స్ అనే పెద్ద ఎడిటర్‌కి చిన్న తమ్ముడు. బయటివాటిలో జర్మన్ ప్రోగ్రామర్ డీట్మార్ ఐలర్ట్ రాసిన గోల్డ్ఎడ్ ఉంది. దానిలో మెనూ నుంచి మీటల దాకా దేన్నయినా మార్చుకోవచ్చు.

సిగ్నస్ఎడ్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీకు అందరూ దాన్నే తీసుకోమంటారు. బ్రూస్ డాసన్, కాలిన్ ఫాక్స్, స్టీవ్ లరాక్ కలిసి రాసి 1987లో విడుదల చేశారు. అంత చిన్న ప్రాసెసర్ మీద కూడా దానిలో అక్షరాలు నీళ్లు జారినట్టు పైకి జారతాయి. విలియం హాస్ తయారుచేసిన ఏరెక్స్ భాషలో చిన్న స్క్రిప్టులు రాసి దానిచేత ఇతర ప్రోగ్రాములతో మాట్లాడించవచ్చు. నేను వాడి చూశాను. పది నిమిషాల్లో చేతికి అలవడిపోయింది. అందుకే దాన్ని తీసుకోవద్దంటున్నాను. మొదటిరోజే హాయిగా అనిపించిన ఎడిటర్‌లో మీరు ఒక్క మీట కూడా మార్చుకోరు. అద్దె ఇంట్లో మేకు కొట్టడానికి జంకినట్టు, ఏళ్లతరబడి దాన్ని రాసినవాళ్ల ఏర్పాట్లలోనే ఉండిపోతారు. పాత కంప్యూటర్ ముందు మనం కూర్చునేది పని త్వరగా తెమలాలని కాదు కదా.

మొదటి వారం ఒక్క ముక్క కూడా రాయనివ్వని ఎడిటర్‌ని ఎంచుకోండి. నేను ఎంచుకున్నది విమ్. అక్షరం కొడితే అక్షరం పడదు, కర్సర్ ఎటో పోతుంది, సగం వరస మాయమవుతుంది. రాసే స్థితి వేరు, ఆజ్ఞలిచ్చే స్థితి వేరు అని వేళ్లకి తెలిసేదాకా అంతే. ఇంకో సంగతి. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ సర్వర్ల మీద పనిచేసే మనవాళ్లు రోజూ తెరిచే విమ్ పుట్టింది ఈ అమిగా మీదే. నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మోలెనార్‌కి యూనిక్స్‌లో ఉండే వీఐ ఎడిటర్ లాంటిది తన అమిగాలో కావాలనిపించింది. అటారీ ఎస్‌టీ కంప్యూటర్ కోసం టిమ్ థాంప్సన్ రాసిన స్టీవీ అనే ప్రోగ్రాముకి అమిగా రూపం దొరికితే, 1988లో దాన్ని తనకి నచ్చినట్టు దిద్దుకోవడం మొదలుపెట్టాడు. 1991లో 1.14 వెర్షన్‌ని ఫ్రెడ్ ఫిష్ పంచే ఉచిత డిస్కుల్లో 591వ డిస్కు మీద బయటికి పంపాడు. మూడేళ్లు తన చేతికి సరిపడేలా మలుచుకున్నాకే ఇతరులకి ఇచ్చాడు. 2023 ఆగస్టులో ఆయన పోయాడు. ప్రోగ్రాము నచ్చితే యుగాండాలోని కిబాలె పిల్లలకి సాయం చేయండని ఆయన అందులో రాసిన మాట ఇవాళ్టికీ ఉంది. నేను ఆ ఎడిటర్‌ని తెరిచినప్పుడల్లా పుట్టింట్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది.

ఇక మీటలు. దీనికి మూడు నెలలు కేటాయించండి. ఈ మూడు నెలలూ ఉత్తరం గానీ వ్యాసం గానీ ఏమీ రాయకండి.

నా అమిగా జర్మన్ కీబోర్డుది. ఇంగ్లీషు కీబోర్డులో వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ ఉండాల్సిన చోట వై ఉంటాయి. సెట్‌మ్యాప్ ఆదేశంతో మొత్తం కీబోర్డునే అమెరికన్ వరసకి మార్చేయొచ్చు, నిమిషం పని. అలా చేయకండి. మీటల మీద అచ్చయిన అక్షరం యంత్రానిది, దాన్ని అలాగే ఉండనివ్వండి. మార్పు ఎడిటర్ లోపల చేసుకోండి. అప్పుడు ఎడిటర్‌లోకి వచ్చామని కళ్లకంటే ముందు వేళ్లకి తెలుస్తుంది.

నేను తెలుగు రాసేది ఆర్‌టీఎస్‌లో. రైస్ యూనివర్సిటీలో ఉండగా కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన పద్ధతి అది. తెలుగుని రోమన్ అక్షరాల్లో రాస్తాం కాబట్టి అమిగాలాంటి యంత్రం మీద కూడా సాఫీగా నడుస్తుంది. ఆ ఫైలుని తర్వాత లేఖిని అనే వెబ్ పేజీలో అతికిస్తే తెలుగు లిపి వచ్చేస్తుంది. తెలుగు రాసేవాడికి జెడ్‌తో పెద్దగా పని పడదు. య లేకుండా మాత్రం వాక్యం నడవదు. అలాంటి య జర్మన్ కీబోర్డులో ఎడమ మూలన చిటికెనవేలి కింద పడి ఉంది. మ్యాప్ అని ఒక్క వరస రాసి జెడ్ మీటని య చేశాను. ఆ రోజు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

తర్వాత షిఫ్ట్ సంగతి. ఆర్‌టీఎస్‌లో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. అలాగే ద నుంచి డ, న నుంచి ణ, ల నుంచి ళ, స నుంచి శ. షిఫ్ట్ నొక్కితే అయిపోయే పనే, వేలమంది అలాగే రాస్తున్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ట అనేది త కి పెద్దక్షరం కాదు. అమ్మ పలకమీద దిద్దించినప్పుడు ళ కి సొంత ఒంపు ఉండేది, సొంత చోటు ఉండేది. అందుకని ఎఫ్1 ట కి, ఎఫ్2 డ కి, ఎఫ్3 ణ కి, ఎఫ్4 ళ కి, ఎఫ్5 శ కి ఇచ్చాను. చెయ్యి పైవరసకి సాచాలి, వేగం సగానికి సగం తగ్గుతుంది. తగ్గనివ్వండి. “పళ్లు”, “కళ్లు”, “ఇల్లు” రాసేటప్పుడు ఎక్కడ చెయ్యి లేవాలో ఎక్కడ లేవకూడదో తెలియడం నాకు వేగంకంటే ముఖ్యం. ఎఫ్1 పోతే సహాయం పేజీలు ఎలా తెరుస్తారని అడగకండి. అమిగా కీబోర్డు మీద హెల్ప్ అని ప్రత్యేకంగా ఒక మీటే ఉంది.

సెలవులకి వచ్చిన మా మేనల్లుడు రెండు రోజులు చూసి, “మామయ్యా, మీరు రాయడానికి కొన్నారా, మార్చడానికి కొన్నారా?” అన్నాడు. రెండూ ఒకటేరా అన్నాను. వాడు కూర్చుని కొట్టబోతే ఒక్క మాట సరిగ్గా పడలేదు. ఎడిటర్ పూర్తిగా మీదైందనడానికి గుర్తు అదే. ఇంకొకరు వాడగలిగేలా ఉంటే పని ఇంకా మిగిలుందన్నమాట. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న ఏర్పాట్లతో పోలిక రాకుండా కూడా చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది, దీనికే నాతో ఎక్కువమంది దెబ్బలాడతారు. సెట్టింగుల ఫైలుకి కాపీ పెట్టుకోకండి. ఏటా ఉగాదినాడు దాన్ని చెరిపేసి, కాగితం చూడకుండా మళ్లీ రాయండి. మొదటిసారి నా ఫైలులో 143 వరసలుండేవి. చెరిపి రాస్తే 38 వచ్చాయి. పేరాలు సర్దడానికి పెట్టుకున్న ఐదు మీటలు, తేదీ వేసే మీట, వరసలు లెక్కపెట్టే మీట ఏవీ గుర్తు రాలేదు. ఏడాదంతా వాటిని వాడలేదని అప్పుడే తెలిసింది. ట, డ, ణ, ళ, శ, య మాత్రం చెయ్యి తనంతట తానే రాసేసింది.

రాసిన రాతకి మాత్రం మూడు కాపీలు ఉంచండి. ఫ్లాపీలు పాడవుతున్నాయి, నా రెండు కథలు అలాగే పోయాయి. పోయిన కథని నేను మళ్లీ రాయలేకపోయాను, ప్రయత్నించాను. అమిగా ఫ్లాపీలో ట్రాక్‌కి 11 సెక్టార్లుంటాయి, మామూలు పీసీ డ్రైవు దాన్ని చదవలేదు. గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డు కొంటే చదువుతుంది. సీరియల్ కేబుల్ వేసి పంపినా వస్తుంది. నేను రెండూ చేస్తాను.

అదనపు మెమరీ కార్డు మీద గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటే దాన్ని తీయించేయండి. ముప్పై ఏళ్లకి అది కారి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. తీసేశాక ఫైళ్ల మీద తేదీలు తప్పుగా పడతాయి, పడనివ్వండి. ప్రతి రాత మొదటి వరసలో తేదీ మీరే చేత్తో కొట్టండి, తిథి కూడా వేయండి. దీనికి మాత్రం మీట కేటాయించకండి.

వచ్చే ఉగాదికి ఎఫ్6 ఏ కి, ఎఫ్7 ఓ కి ఇద్దామనుకుంటున్నాను. ఎఫ్8 దగ్గర ఆగిపోయాను. బండి ర కి ఇవ్వాలని ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా అవసరం పడదు. అయినా దాని కోసం ఆ మీటని ఖాళీగా ఉంచాను.