కందకు లేని దురద

పరామర్శకు పోయిన ఇంట్లో కూడా సారు చూపు ముందుగా పడేది గుమ్మం పక్కన వేలాడే మనీప్లాంటు మీదే. పోయిన పెద్దాయన గురించి రెండు మంచి మాటలు చెప్తారు, తువ్వాలుతో కళ్లు అద్దుకుంటారు, ఆ తువ్వాలు భుజం మీదికి చేరకముందే కుండీలో చూపుడువేలు దిగిపోయి ఉంటుంది. వేలు బయటికి తీసి, అంటిన మట్టిని నలిపి, వాసన చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: "దీనికి నీళ్లు ఎవురు పోస్తాండారు నాయనా?"

ఇట్లాంటి సారు కమలాపురంలో ఒక్కరే అనుకునేరు. పింఛను వస్తూ, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడి, పొద్దున తొమ్మిదింటికల్లా పనులన్నీ అయిపోయే ప్రతి పెద్దమనిషిలోనూ ఈయన కొంచెం ఉంటారు. కొందరు హోమియోపతిలోకి దిగుతారు, కొందరు రాజకీయాల్లోకి. ఈయన తీగల్లోకి దిగారు. ఊరికి అదే మేలనిపిస్తుంది నాకు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని భార్య సణుగుతుంది. సారుకు కోపం రాదు. సందు దొరికిందని సంతోషం. కంద, చేమ, మనీప్లాంటు మూడూ ఒకే కుటుంబమనీ, మూడింటిలోనూ ఉండేవి సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలేననీ, ఆకు నమిలితే నోరు మండేది అందుకేననీ, కాబట్టి పిల్లలకూ కుక్కపిల్లలకూ అందనంత ఎత్తులో పెట్టాలనీ చెప్పుకుంటూ పోతారు. సామెత ఆమె మరిచిపోయేదాకా వదలరు.

ఆయన అసలు గొప్పతనం పసుపుపచ్చని ఆకు చదవడంలో ఉంది. తీగ మొదట్లో ఒక్క ఆకు పండిందంటే అది వయసు, గిల్లి పారేయమంటారు. నాలుగైదు ఆకులు ఒక్కసారిగా పసుపెక్కి, కుండీ ఎత్తి చూస్తే బరువుగా తగిలితే మాత్రం విచారణ మొదలవుతుంది.

"దినామూ పోస్తావా పాపా?"

"పొద్దున ఒక్క చెంబు సారూ. ఎండలు మండిపోతాండాయి కదా."

"మీ అత్త?"

"ఆమె దాని జోలికే రాదు."

లోపల్నుంచి అత్త గొంతు: "యాల రానూ? సాయంత్రం నేనే పోస్తాండా! ఈ పిల్ల పట్టించుకోదని."

సారు కళ్లు మూసుకుంటారు. చాలా ఇళ్లలో మనీప్లాంటుకు వచ్చే జబ్బు ఇదే. ఒకరికి తెలియకుండా ఒకరు పోస్తారు. ఆదివారం ఇంటాయన మిగిలిన మంచినీళ్లు కూడా అందులోనే గుమ్మరిస్తాడు. మట్టిలో గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు, అందుకని ఆకు వాలిపోతుంది. వాలిన ఆకును చూసి, అయ్యో దప్పికని, ఇంకో చెంబు పోస్తారు. సారు మొక్కను కుండీలోంచి పెరికి చూపిస్తారు. తెల్లగా గట్టిగా ఉన్న వేరు బతికినట్టు. నల్లబడి, పట్టుకుంటే పొర ఊడివచ్చేది కత్తెర పాలు.

వైద్యం తేలికే. కుళ్లింది కోసేసి, కొత్త మట్టిలో పెట్టి, పైమట్టి ఆరేదాకా నీళ్లు ముట్టకుండా ఉండటం. ఆ "ముట్టకుండా" దగ్గరే చిక్కు. ఏమీ చేయొద్దని చెప్పే వైద్యుడికి ఏ ఊర్లోనూ విలువ లేదు. అనుభవం మీద సారు మాట మార్చారు: "తీగకు దిష్టి తగిలింది. లంఖణం పరమౌషధం. పది దినాలు ఉపవాసం పెట్టండి." ఇంక ఫలితం చూడాల. అత్త కాపలా కూర్చుంటుంది, కోడలు చెంబు దాచేస్తుంది, ఒకరి మీద ఒకరు నిఘా. దిష్టిని సారు పిసరంతైనా నమ్మరు. కానీ మందు గొంతు దిగాలంటే బెల్లం ముక్క ఉండాల్సిందేనంటారు.

రైతులతో మాత్రం ఆయన పప్పులు ఉడకవు. పెన్నలో పాపాఘ్ని కలిసేచోట వ్యవసాయం చేసేవాళ్లకు కుండీ అంటే చిన్న చేను. సొంత చేలోంచి నల్లరేగడి తెచ్చి నింపుతారు, గర్వంగా. శనగకు ఆ మట్టి బంగారమే. కుండీలో తడిస్తే బంక, ఆరితే బీట. దానిమీద పత్తికి చల్లినట్టు గుప్పెడు యూరియా. వారం తిరక్కుండా ఆకు అంచులు మాడిపోతాయి. సారు ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, చివికిన దిబ్బఎరువు, కాస్త ఇసుక కలపమంటారు. "రెండు దోసిళ్ల ఇసుకబ్బీ, ట్రాక్టరు కాదు" అని నొక్కి చెప్తారు. ఇసుక మాట ఎత్తితే మా వైపు ఎవరైనా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

కీర్తి కమలాపురం దాటింది. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గల్లాపెట్టె పక్కనున్న తీగ వాడితే సేటు నిద్రపోడు, లక్ష్మి కదిలిపోతోందని. సారు పోయి ఏసీ గాలి నేరుగా తగులుతోందని చెప్పి, కుండీని రెండు మూరలు పక్కకు జరిపి వస్తారు. ఆ పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదనీ, దానికి అంత ధర పోశారనీ దారి పొడుగునా బస్సులో గొణుక్కుంటారు. జమ్మలమడుగులో మగ్గమింటాయన బాధ వేరు: "ఆకులో జరీ పోయింది సారూ, ఒట్టి పచ్చగా వస్తాండాయి." చీకటి గదిలో ఆకుకు జరీ కట్టుకునే స్తోమత ఉండదు, పసుపు చారల్లో పత్రహరితం తక్కువ, వెలుతురు కరువైతే మొక్క కొత్త ఆకుల్ని నిండు పచ్చగా వేసుకొని బతుకుతుంది. కిటికీ దగ్గరికి మారిస్తే తర్వాత వచ్చే ఆకుల్లో జరీ తిరిగొస్తుంది. అట్లని మే నెల ఎండలో పెడితే ఆకు బొబ్బలెక్కుతుంది. పులివెందుల చీనీతోట రైతైతే రెండు పిండినల్లి పురుగుల కోసం వీపున పంపు తగిలించుకొని వచ్చాడట. సారు ఆయన్ను గడపలోనే ఆపి, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో ఆకు అడుగు తుడిచి చూపించారు. పంపు తెచ్చినవాడికి గుడ్డ ముక్క చూపిస్తే అవమానంగానే ఉంటుంది మరి.

ఆయనకూ బలహీనతలు లేకపోలేదు. నాసా పేరెత్తితే ఆగరు. మనీప్లాంటు గాలిని శుద్ధి చేస్తుందని 1989లో వాళ్లే తేల్చారంటారు. ఆ పరీక్షలు జరిగింది మూసిన చిన్న అరల్లో. మామూలు ఇంట్లో కిటికీలోంచి వచ్చే గాలి చేసేపాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలని 2019లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ లెక్కన సారు వరండాలో సారుకే జాగా ఉండదు. ఈ సంగతి నేను చెప్పాను. "అయితే ఇంకా నాటాల" అన్నారు.

ఫీజు తీసుకోరు. కాకపోతే ఎత్తుకొచ్చి నాటిన మనీప్లాంటే కలిసొస్తుందనే నమ్మకం ఊరంతా ఉంది కదా. కాబట్టి వైద్యం కాగానే ఇల్లాలు "కాఫీ తెస్తా సారూ" అని కావాలనే లోపలికి పోయి, కావాలనే ఆలస్యం చేస్తుంది. సారు దగ్గుతారు. జేబులోంచి కత్తెర బయటికి వస్తుంది. ఆకులు రాలి బోసిగా సాగిన తీగను కణుపు కింద కత్తిరిస్తే పక్కనుంచి కొత్త చిగురు వస్తుంది. కోసిన ముక్కను కణుపు మునిగేలా నీళ్లలో పెడితే వేళ్లు పుడతాయి. ఒక ముక్క అదే కుండీలో గుచ్చుతారు, గుబురు కావడానికి. రెండోది జేబులోకి. దొంగతనమూ చికిత్సే అయ్యాక ఎవరిని ఏమనగలం? కాఫీ తెచ్చిన ఇల్లాలు కత్తిరింపు చూసి కూడా చూడనట్టు చక్కెర సరిపోయిందా అని అడుగుతుంది.

మా జిల్లా ఆడవాళ్లు ఎంతోమంది కువైట్‌లో ఇంటిపనికి ఉన్నారు. వాళ్లలో ఒకామె రాత్రి పని ముగిశాక వాట్సాప్‌లో సారును పిలిచింది. మేడమ్ ముందుగదిలో తీగ పసుపెక్కింది, తిట్లు తనకు పడుతున్నాయి. సారు ఫోన్లోనే వేలు పెట్టించారు. మట్టి బురద.

"నీళ్లు మానెయ్ పాపా."

"ఎట్ల మానేది సారూ? దినామూ పోయమంటాది. ఎదురుగా నిలబడి చూస్తాది."

సారు కొంచెంసేపు ఆలోచించారు. "చెంబు ఎత్తు. వొంపినట్టు చెయ్. వొంపొద్దు."

నెల తిరగ్గానే మళ్లీ పిలిచింది. తీగ కోలుకుంది, కొత్త ఆకు విప్పింది, మేడమ్‌కు సంబరం. సారు మీసం సవరించుకున్నారు.

"నీళ్లు బాగా పోస్తాండావు కాబట్టే బతికింది అంటాంది సారూ. రేపట్నించి రెండు పూట్లా పోయమనింది."

"దానికేముంది పాపా" అన్నారు సారు. "రెండు పూట్లా ఎత్తు."