మెమరీ కార్డు, టీకాతాత్పర్యసహితం

మూలం

200 ఎంబీ/ఎస్. 128 జీబీ. ఎస్‌డీఎక్స్‌సీ, పక్కన రోమను ఒకటి. సీ కడుపులో 10. యూ కడుపులో 3. వీ30.

అవతారిక

ఈ మూలం తాళపత్రం మీద లేదు. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు ఉన్న నల్లటి ప్లాస్టిక్ బిళ్ల మీద ఉంది. భద్రాచలంలో ఫొటో స్టూడియో నడిపే మా మేనల్లుడు రాత్రి భోజనానికొచ్చి దీన్ని నా బల్ల మీద మరిచిపోయాడు. ఏళ్ల తరబడి పిల్లలచేత ప్రతిపదార్థాలు రాయించిన చెయ్యి ఊరుకుంటుందా? భూతద్దం తీశాను. కర్త పేరు అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా ఉంది. పూర్వకవులు గద్యలో చివరగా చెప్పుకునేది ఈయన మొదటే చెప్పుకున్నాడు. కర్తకు ప్రచారం చేయడం వ్యాఖ్యాత పని కాదు గనుక ఆ పేరు వదిలేశాను.

ప్రతిపదార్థం

200 = రెండు వందలు; ఎంబీ = పది లక్షల బైట్ల చొప్పున; ఎస్ = ఒక్క సెకనులో; వెరసి సెకనుకు ఇరవై కోట్ల బైట్లు. ఇక్కడ బీ పెద్దక్షరమన్నది గమనించాలి. పెద్ద బీ అంటే బైటు, చిన్న బీ అంటే బిట్టు. ఛందస్సులో గురువు లఘువుకు రెట్టింపే. ఇక్కడ ఎనిమిది రెట్లు. ఇంటర్నెట్ వాడు 200 ఇస్తానన్నది చిన్న బీతో. ఈ తేడా తెలియక ఆ రెండు వందలూ ఈ రెండు వందలూ ఒకటేననుకుని వాదించిన వాణ్ణి నేనే.

128 జీబీ = నూట ఇరవై ఎనిమిది వందల కోట్ల బైట్లు. కంప్యూటర్లో పెట్టి చూస్తే 119 అంటుంది. ఖమ్మం వైపు మిర్చి రైతుకు చెబితే ‘తరుగు తీశారు’ అని చప్పున అనేస్తాడు. పాపం, తియ్యలేదు. కంపెనీ వేయితో కొలిచింది, కంప్యూటరు 1024తో కొలిచింది. కుంచం మారింది, గింజలు అవే.

రోమను ఒకటి = యూహెచ్ఎస్ అనే దారి, మొదటిది. ఈ దారిలో సెకనుకు 104 ఎంబీ మించి పోవడానికి వీల్లేదని శాస్త్రం.

ఆక్షేపం: దారి 104కే సరిపోతే పైన 200 ఎలా పడింది? సమాధానం: ఇది విరోధాభాసాలంకారం. పైకి విరోధం, విప్పితే పరిహారం. కంపెనీ తన సొంత కిటుకుతో, తన రీడరులో పెట్టినప్పుడు 200 ‘దాకా’ చదివిస్తుంది. ఆ ‘దాకా’ అన్న అవ్యయం బిళ్ల మీద లేదు, అట్ట మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. పైగా అది చదివే వేగం. రాసే వేగం ముచ్చట వేరు. కెమెరాలో పెట్టాక 104 గీత దాటదు, ఆ గీత దాకా కూడా అన్ని కార్డులూ రావు.

ఇక సీలో 10, యూలో 3, వీ30. మూలానికి ప్రాణం ఈ మూడే, అయినా చాలామంది కళ్లు ఇక్కడ ఆగవు. భద్రాచలంలో సీతమ్మవారికి కట్టే మంగళసూత్రాలు మూడు: దశరథుడిది, జనకుడిది, రామదాసు చేయించినది. కార్డుకూ సూత్రాలు మూడు. సీ10 అంటే వీడియో రాస్తున్నంత సేపూ సెకనుకు పది ఎంబీలకు తగ్గనని మాట. 2013లో వచ్చిన యూ3 అంటే ముప్పైకి తగ్గనని. 2016లో వచ్చిన వీ30 అన్నా ముప్పైకి తగ్గననే. పునరుక్తి దోషం కాదా అంటే, కాదు. పాత కెమెరాల పుస్తకాల్లో యూ అని ఉంటుంది, కొత్తవాటిలో వీ అని. ఇద్దరు శ్రోతలకు ఒకే మాట రెండు భాషల్లో చెప్పడమన్నమాట.

తాత్పర్యం

పెద్దక్షరాల్లో ఉన్నది గొప్ప, చిన్నక్షరాల్లో ఉన్నది పూచీ.

ఉదాహరణ

చైత్రశుద్ధ నవమి, భద్రాచలం మిథిలా స్టేడియంలో రాములవారి కల్యాణం, అభిజిల్లగ్నం. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఫొటోగ్రాఫరు సెకనుకు పది ఫ్రేముల చొప్పున నొక్కుతాడు. ఒక్కో రా ఫైలు పాతిక ఎంబీ అనుకుందాం. సెకనుకు 250 ఎంబీ వచ్చి పడుతుంటే కార్డు ఎనభయ్యో తొంభయ్యో మింగుతుంది. తక్కింది కెమెరా తన బుగ్గన పెట్టుకుంటుంది. దాన్ని బఫర్ అంటారు. బుగ్గ నిండాక కెమెరా నొక్కినా పలకదు. మూలనున్న ఎర్రదీపం టపటపా కొట్టుకుంటుంది. అది ఆరేదాకా ఈయన చేతిలో ఉన్నది కిలో బరువు.

మావాడికి ఒకసారి ఇదే అయింది, రాముల కల్యాణంలో కాదు, ఒక ఊళ్లో పెళ్లిలో. చవగ్గా దొరికిందని తెచ్చిన కార్డు. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర ఎర్రదీపం వెలిగింది. అది ఆరేసరికి ఇద్దరి తలల మీదినుంచీ చేతులు దిగిపోయాయి. ‘పంతులుగారూ, ఇంకొక్కసారి’ అన్నాడు. పంతులుగారు వాడివంక చూసిన చూపు ఫొటో తీయదగ్గదేనట, కానీ దీపం మళ్లీ వెలిగింది. ఊరి పెళ్లిలో ఆ మాటైనా అనగలిగాడు. సీతమ్మ పెళ్లిలో ఎవరినడుగుతాడు?

వీడియో లెక్క ఇంకా సూటి. సెకనుకు 100 మెగాబిట్ల ఫోర్‌కే అంటే పన్నెండున్నర ఎంబీ. వీ30కి అది నల్లేరు మీద బండి, ఈ బిళ్ల మీద 2 గంటల 50 నిమిషాలు వస్తుంది. 400 మెగాబిట్లు పెడితే సెకనుకు 50 ఎంబీ. ముప్పైకి పూచీపడ్డవాణ్ణి యాభై అడగడం అన్యాయం, వీ60 కొనాలి. కొన్నా 128 జీబీలో పట్టేది 42 నిమిషాలు. తలంబ్రాల దాకా కార్డు మిగలదు.

వ్యుత్పత్తి

దీని లోపలి పదార్థం ఫ్లాష్ మెమరీ. తొషీబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980ల్లో కనిపెట్టాడు. గంపెడు సమాచారాన్ని ఒక్క ఊపున చెరిపేసే తీరు చూసి, తోటి ఉద్యోగి షోజీ అరియిజుమికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడు. చూశారా, జ్ఞాపకానికి పెట్టిన పేరు చెరపడం నుంచి పుట్టింది! అయితే మనం డిలీట్ నొక్కితే చెరిగేది బొమ్మ కాదు, పట్టికలో దాని చిరునామా. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఎటపాక, పురుషోత్తపట్నం ఖమ్మం జిల్లా జాబితాలోంచి పోయి ఆంధ్రప్రదేశ్ జాబితాలోకెక్కాయి. జాబితా మారింది, పొలం ఒక్క అడుగు జరగలేదు. డిలీటూ అంతే. ఆ పొలంలో కొత్త పంట వేయనంతసేపు పాతది తిరిగొస్తుంది. ఫొటోలు పోయాయనగానే కార్డు బయటికి తీసి జేబులో పెట్టుకోమనేది అందుకే.

పక్కనున్న తాళం మీట గురించి ఒక మాట. అది లాగితే కార్డు తనను తాను మూసుకోదు, తాళం పడిందన్న సంగతే దానికి తెలియదు. గుళ్లో ‘ఫొటోలు తీయరాదు’ బోర్డు లాంటిది. చదివిన కెమెరా ఆగాలి.

విశేషాంశం

భద్రాచలం నుంచి చర్ల దాటి అడవిలోకి పోయే కొద్దీ ఫోన్లో గీతలు తగ్గుతాయి. హైదరాబాదు వాళ్లలాగా తీసింది తీసినట్టు క్లౌడులోకి ఎక్కించడం అక్కడ కుదరదు. పెళ్లి మొత్తం చొక్కా జేబులో, బిళ్ల రూపంలో, బస్సులో ఇంటికొస్తుంది. అందుకే మావాడు ఇప్పుడు రెండు స్లాట్ల కెమెరా వాడతాడు. తీసిన ప్రతిదీ రెండు కార్డుల్లోనూ పడుతుంది. ఇది ఈ నేలకు కొత్త ఉపాయమేమీ కాదు. రామదాసు బాకీ తీర్చడానికి తానీషా దగ్గరికి రాముడొక్కడే పోలేదు, రామోజీ లక్ష్మోజీ అని ఇద్దరుగా పోయారని కథ. ఆరు లక్షల మాడలూ ఇచ్చి, ఊరికే రాక రసీదు కూడా పుచ్చుకున్నారు. కాపీ అయ్యాక రెండువైపులా లెక్క సరిపోయిందో లేదో చూడకుండా కార్డు ఫార్మాట్ కొట్టే కుర్రవాళ్లకు ఈ రసీదు ఘట్టం వినిపించాలి. మావాడికి వినిపించాను. ‘మావయ్యా, నేను రెండుసార్లు చూస్తా’ అన్నాడు.

ఇక వెనకవైపు. అక్కడ తొమ్మిది బంగారు రేకులు వరసగా ఉన్నాయి. వాటి కింద భూతద్దానికీ లొంగని అక్షరాలు మూడు పంక్తులు. మొదటి పదం ‘మేడ్’ అని పోల్చుకున్నాను. రెండోది

(ఇక్కడ గ్రంథపాతం. ‘మావయ్యా, అది ఇటియ్యి, చర్ల బస్సుకు టైమయింది’ అంటూ మూలాన్ని చేతిలోంచి లాక్కుపోయాడు.)